గోరు గుర్తు పోయేదాకా

ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే మౌల్డులు చేస్తానని చెబుతాను. వాళ్లు అర్థమైనట్టు తలూపుతారు. కాలేదని నాకు తెలుసు. అప్పుడు ఇడ్లీ రేకుల సంగతి ఎత్తుతాను. మీరు ఇడ్లీలు పోస్తారు, నేను రేకులు చేస్తాను, అంతే తేడా అంటాను. నా రేకులు స్టీలుతో కావు, సిలికాన్‌తో. తేనెలా కారే ద్రవాన్ని ఒక వస్తువు మీద పోస్తే అది గట్టిపడి రబ్బరులా తయారవుతుంది. ఆ వస్తువు మీద ఎన్ని గీతలున్నాయో అన్నీ తనలోకి తీసుకుంటుంది. మా ఊరి కోట చూడటానికి వచ్చినవాళ్లు కొనుక్కుపోయే చిన్న తోరణాలు ఉంటాయి చూడండి, తెల్లగా ప్లాస్టర్‌తో పోసినవి, వాటిలో చాలావరకు నా మౌల్డుల్లోంచి వచ్చినవే. గొప్ప చెప్పుకోవడం కాదు. సరే, గొప్ప చెప్పుకోవడమే.

సిలికాన్ పొయ్యడం ఎవరికైనా వస్తుంది. రెండు డబ్బాల్లోది కొలిచి కలపడం, బుడగలు రాకుండా సన్నటి ధారగా వదలడం, ఇవన్నీ ఫోనులో వీడియోలు చూసి వారంలో నేర్చుకోవచ్చు. నేనూ అలాగే నేర్చుకున్నాను. అసలు పని ఆ తర్వాత ఉంటుంది. అది పూర్తిగా గట్టిపడిందా, ఇంకా పచ్చిగా ఉందా చెప్పగలగాలి. పచ్చిగా ఉండగా తీస్తే మౌల్డు పోతుంది, ఒక్కోసారి దాని కిందున్న వస్తువు కూడా పోతుంది. అందుకని ముందు మౌల్డును ముట్టుకోను. కలిపిన కప్పు అడుగున మిగిలిపోయినదాన్ని ముట్టుకుంటాను. అది వేలికి అంటకపోతే అప్పుడు మౌల్డు అంచు మీద వేలు పెడతాను. అదీ అంటకపోతే బొటనవేలి గోరుతో ఒక నొక్కు నొక్కుతాను. గోరు గుర్తు వెంటనే మాయమైతే గట్టిపడినట్టు. గుర్తు అలాగే నిలిచిపోతే ఎన్ని గంటలైనా సరే, చేతులు కట్టుకుని కూర్చోవాలి.

ఈ కూర్చోవడం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. నేను చాలా తొందర మనిషిని. మా అమ్మ మాటల్లో చెప్పాలంటే, పొయ్యి మీద ఎసరు పెట్టకముందే విస్తరి వేసే రకం.

మాది కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు. ముందు గదిలో మగ్గం, వెనక వాకిట్లో రంగు కాగులు. నూలు చిలపలను, అంటే ముడేసిన నూలు కట్టలను, రంగులో ఉడికించి, పిండి, ఆరేసే పని అమ్మా నేనూ చేసేవాళ్లం. రంగు పట్టిందా లేదా చెప్పే పని మాత్రం మాది కాదు. అది బాపుది. మా నాన్నను నేను బాపూ అనే పిలుస్తాను. ఆయన ఒక తెల్లగుడ్డను తడిపి, చిలపను దాంతో రుద్ది, గుడ్డను వెలుతురుకు పెట్టి చూసేవాడు. మరక లేకపోతే "పట్టింది" అనేవాడు. ఆ ఒక్క మాట వచ్చేదాకా ఇంట్లో ఒక్క పోగు మగ్గం ఎక్కేది కాదు. ఆయనకు ముందు ఆ మాట తాత అనేవాడట. మా ఇంట్లో తెల్లగుడ్డ ఎవరి భుజం మీద ఉంటే వాళ్లే ఇంటికి పెద్ద.

నాకు పదేళ్లప్పుడు బాపు ధర్మసాగర్‌లో చుట్టాలింట పెళ్లికి పోయి రెండు రోజులు ఉండిపోయాడు. వాకిట్లో ఎర్ర చిలపలు ఆరుతున్నాయి, మగ్గం ఖాళీగా ఉంది. నేను గోడ కొయ్యకున్న తెల్లగుడ్డ తీసి తడిపి రుద్దాను. మరక రాలేదు. బాపులాగే వెలుతురుకు పెట్టి చూసి, ఆయన గొంతుతోనే పట్టింది అన్నాను. అమ్మ నవ్వి నమ్మింది. నూలు మగ్గం ఎక్కింది, జంపఖానా అయింది, మొదటిసారి నీళ్లలో పెట్టగానే తెల్ల చారల నిండా ఎరుపు పారింది.

బాపు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. మిగిలిన ఒక చిలప తెచ్చి, దాన్ని కట్టిన ముడి విప్పాడు. ముడి కింద నూలు ఇంకా సగం తెల్లగానే ఉంది. అక్కడ తడిగుడ్డతో రుద్దితే గుడ్డంతా ఎర్రగా అయింది. రంగు ముడి లోపలికి సరిగ్గా పోలేదు. నేను పైపైన రుద్దాను, అంతే.

"పైన సూసి చెప్పేటోళ్లు ఊరంత ఉన్నరు బిడ్డా," అన్నాడు. "ముడి ఇప్పి సూసేటోళ్లే లేరు."

ఆ గుడ్డను మళ్లీ కొయ్యకు తగిలించాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లలో అది నా చేతికి రాలేదు. పెళ్లయి రెండు వీధుల అవతలికి వచ్చాను, పిల్లల్ని పెంచాను, సొంతంగా ఒక పని నేర్చుకున్నాను. అయినా పుట్టింటికి పోయినప్పుడల్లా నా కళ్లు మొదట ఆ కొయ్య మీదికే పోయేవి.

ఇప్పుడు అచ్చు సంగతి చెప్పాలి. మా జంపఖానాలకు అంచు పొడవునా అద్దకం ఉంటుంది. నేతలో రాని సన్నపనిని కట్టె అచ్చుతో అద్దుతారు. మా ఇంటి అచ్చు జొన్న కంకి. తాత టేకు ముక్క మీద తన చేత్తో చెక్కాడు. ఒక్కో గింజ ఆవగింజంత ఉంటుంది, ప్రతి గింజ నడుమ వెంట్రుకంత గీటు. కొత్తవాడలో ఏ జంపఖానా అయినా చూసి, అంచు మీద ఆ కంకి ఉంటే మా ఇంటిదని చెప్పేసేవాళ్లు. రెండు వానాకాలాల కిందట దానికి పగులు పట్టింది. మూడో వరుస గింజల దగ్గర మొదలై నాలుగో వరుసకు పాకింది. బాపు పిడికి నూలు గట్టిగా చుట్టి వాడుతూ వచ్చాడు. బయట నుంచి కొత్తది చెక్కించుకొద్దాం అంటే ఒప్పుకోలేదు. అది వేరే ఇంటి కంకి అయితది అన్నాడు. ఇది విరిగిన రోజు అద్దకం మానేస్తానని, కన్ను కూడా ఆనడం లేదని, చాలా మామూలుగా చెప్పాడు. ఆ మామూలుగా చెప్పడమే నాకు గుచ్చుకుంది.

నేను దానికి మౌల్డు తీస్తానన్నాను. మౌల్డులో రాయిలా గట్టిపడే రెజిన్ పోస్తే అచ్చం అలాంటి అచ్చే వస్తుంది, పగిలితే ఇంకోటి పోసుకోవచ్చు. బాపు నా పనిని జెల్లీ పని అంటాడు. ఆ జెల్లీని తన తండ్రి చెక్కిన కట్టె మీద పోయనివ్వడానికి ఆయనకు ఆరు నెలలు పట్టింది. నేనూ ఎక్కువ బతిమాలలేదు. నాకూ రోషం ఉంది కదా.

పుష్యమాసంలో ఒకరోజు పొద్దున్నే ఆయనే వచ్చాడు. భుజం మీది తువ్వాల్లో అచ్చు చుట్టి తెచ్చాడు. నా బల్ల మీద పెట్టి, కాసేపు దాని మీద చెయ్యి తియ్యలేదు. తర్వాత తీసి, "పొయ్యి" అన్నాడు. అచ్చు నిగనిగలాడుతోంది. శుభ్రంగా తుడిచి తెచ్చాడనుకుని మురిసిపోయాను.

నా దగ్గర రెండు రకాల సిలికాన్ ఉంటుంది. ఒకటి తెల్లది, మొండిది, ఎక్కడ పోసినా గట్టిపడుతుంది కానీ ఒక రోజంతా తీసుకుంటుంది. రెండోది అద్దంలా కిందది కనిపించే రకం, ఖరీదైనది, నాజూకుది. సాయంత్రానికల్లా గట్టిపడుతుంది, వెంట్రుకంత గీటును కూడా వదలదు. బాపు ముందు నా పనితనం చూపించుకోవాలని నాజూకుదే తీశాను. అచ్చు చుట్టూ అట్టలు నిలబెట్టి, కొలిచి, కలిపి, ఒక మూల నుంచి సన్నగా పోశాను. ద్రవం గింజ మీంచి గింజ మీదికి పాకుతూ పోయింది. బాపు వంగి చూశాడు. కంకి తేనెలో పడ్డట్టుంది అన్నాడు. ఆయన నోటి నుంచి అంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు. సాయంత్రం రమ్మన్నాను. పోనని అక్కడే కుర్చీ వేసుకున్నాడు. మధ్యాహ్నానికి అమ్మ ఇద్దరికీ అన్నం తెచ్చింది.

సాయంత్రం కప్పులో మిగిలినదాన్ని ముట్టుకున్నాను. అంటలేదు. మౌల్డు పైభాగాన్ని ముట్టుకున్నాను. అంటలేదు. గోరుతో నొక్కాను. గుర్తు కన్ను మూసి తెరిచేలోగా మాయమైంది. బాపుకు కూడా నొక్కి చూపించాను. అయినా తెల్లారేదాకా ఆగుదామా అన్నాడు ఆయన. అక్కర్లేదు బాపూ, ఇది నా పని, నాకు తెలుసు అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అట్టలు తీశాను. పక్కలు చక్కగా విడివడ్డాయి. మౌల్డును పట్టుకుని మెల్లగా వెనక్కి వంచాను. కట్టెకు తగిలిన చోట అది విడలేదు. జిగటగా, చీమిడిలా తీగలు సాగింది. పైనంతా గట్టిగా ఉండి, అసలు కంకి ఉన్న చోట మాత్రం పచ్చి ద్రవం. తాత చెక్కిన ప్రతి గీటులో ఆ జిగట ఇరుక్కుంది. కంకి కనిపించడం లేదు. గింజలన్నీ కలిసి ఒక ముద్దయిపోయాయి.

బాపు చూశాడు. "పోనీ బిడ్డా," అన్నాడు.

తిట్టినా బాగుండేది. నాకు ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది. నాకు ఎప్పుడూ అంతే. నీ కట్టెలోనే ఏదో ఉంది, నా మందులో తప్పు లేదు అన్నాను. ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అచ్చును నా దగ్గరే వదిలి పోయాడు. ఇంక దాంతో తనకు పని లేదన్నట్టు.

ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, నాకు సిలికాన్ అమ్మిన హైదరాబాద్ మనిషికి ఫోన్ చేసి దులిపేశాను. పాత సరుకు అంటగట్టావన్నాను. ఆయన ఓపికగా అంతా విని, కప్పులో మిగిలింది గట్టిపడిందా అని అడిగాడు. పడిందన్నాను. అయితే సరుకు మంచిదేనమ్మా, మీరు పోసిన వస్తువు మీదే ఏదో ఉంది, ఈ రకానికి గంధకం పడదు, రబ్బరు గ్లవ్స్ పడవు, అవి తగిలిన చోట ఎన్నాళ్లున్నా గట్టిపడదు అన్నాడు. మా ఇంట్లో గంధకం ఎందుకుంటుంది, మేమేమైనా టపాకాయలు చేస్తామా అని ఫోన్ పెట్టేశాను.

మర్నాడు పొద్దున అమ్మ వచ్చింది. బాపు రాత్రి సరిగ్గా తినలేదని చెప్పింది. ఇద్దరం అచ్చును ఎండలో పెట్టి, వేప పుల్లలను సన్నగా చెక్కుకుని గింజ గింజకూ జిగట తీయడానికి కూర్చున్నాం. ఎండ ఎక్కి కట్టె వేడెక్కింది. ఒక వాసన లేచింది. ఆ వాసన నాకు తెలుసు. అది దసరా పొద్దుటి వాసన.

మా ఇంట్లో దసరాకు పనిముట్లు కడిగి, బొట్టు పెట్టి, పూజ చేస్తాం. ఆ రోజు అచ్చుకు తైలం పట్టిస్తారు. వేపనూనె గోరువెచ్చగా చేసి, అందులో మిరప తోటల మీద బూడిద తెగులుకు చల్లే పసుపుపచ్చ పొడి కలిపి, కట్టెకు పురుగు పట్టకుండా గుడ్డతో రుద్దుతారు. తాత కాలం నుంచీ అదే పద్ధతి. ఆ పసుపుపచ్చ పొడి గంధకమే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను ముప్పై నలభై దసరాలు ఆ గిన్నె పట్టుకుని నిలబడ్డదాన్ని, నాకే తోచలేదు. కానీ దసరా పోయి మూడు నెలలైంది. ఇంత వాసన ఎందుకుండాలి?

అమ్మ పుల్ల కింద పెట్టింది. ఇక్కడికి తెచ్చే ముందు రోజు పొద్దుగూకే వేళ బాపు దేవుడికి దీపం పెట్టినంత శ్రద్ధగా కూర్చుని, ఆ తైలం రెండుసార్లు పట్టించాడని చెప్పింది. బిడ్డ దీని మీద ఏదో పోస్తదట, కట్టె దెబ్బతినకూడదు అన్నాడట. ఆ నిగనిగ అదన్నమాట. ఆయన తన దగ్గరున్న అన్నిటికంటే మంచి కాపుదలను అచ్చుకు తొడిగి పంపించాడు. సరిగ్గా ఆ కాపుదలే నా సిలికాన్‌ను గట్టిపడనివ్వలేదు.

నా తప్పు కూడా అప్పుడే కనిపించింది. నేను కప్పును చూశాను, పైభాగాన్ని చూశాను. సిలికాన్ కట్టెను ముట్టుకునే చోట ఏమవుతుందో చూడలేదు. పొయ్యక ముందే అచ్చు వెనకవైపు ఒక చుక్క వేసి చూస్తే సాయంత్రానికి తెలిసిపోయేది. ముడి విప్పి చూడలేదు నేను. పదేళ్లప్పుడు చేసిన పనే నలభై దాటాక మళ్లీ చేశాను.

బాపుకు ఈ సంగతి ఊరికే చెబితే సరిపోదు. నీ తైలమే చెడగొట్టింది అంటే నిన్నటి మాటనే మళ్లీ అన్నట్టుంటుంది. కళ్లతో చూడాలి. అందుకని ఒక పాత నాపరాయి ముక్కా, చెక్క నుంచి చీల్చిన నాలుగు టేకు పేళ్లూ తీసుకుని పుట్టింటి వాకిట్లోనే కూర్చున్నాను. ఒక పేడు ఉత్తది. ఒకదానికి ఉత్త వేపనూనె రాశాను. రెంటికి ఆయన తైలం రాశాను. వాటిలో మూడింటి మీద నాజూకు రకం చుక్క వేశాను, తైలం రాసిన రెండోదాని మీద మాత్రం తెల్ల మొండి రకం వేశాను. బాపు మగ్గం మీంచి చూస్తూనే ఉన్నాడు. వెళ్లేటప్పుడు రేపటిదాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పాను. తండ్రీబిడ్డల కంటే ఆ జిగటే నయం, రేపటికైనా గట్టిపడతది అంది అమ్మ.

మర్నాడు నేను పోయేసరికి ఆయన నాపరాయి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముట్టుకోలేదు. నన్ను ముట్టుకొమ్మని చూశాడు. నేను ఆయన్నే ముట్టుకోమన్నాను. ఉత్త పేడు మీది చుక్క గట్టిపడింది. ఉత్త నూనె మీదిదీ గట్టిపడింది. గంధకం తైలం మీది నాజూకు చుక్క ఆయన వేలికి తీగలా సాగింది. ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నేనే రాసిన బిడ్డా," అన్నాడు. "మంచిగుండాలెనని రాసిన."

"నేనే సూడలే బాపూ," అన్నాను. "పొయ్యకముందు సూసుకోవాల్సింది నేను."

ఆయన అప్పుడు నాలుగో పేడు ముట్టుకున్నాడు. తెల్ల చుక్క అదే తైలం మీద నిక్షేపంగా గట్టిపడి ఉంది. గోరుతో నొక్కాడు. నొక్కిన గుర్తు పోయింది. మళ్లీ నొక్కాడు. ఇది కొనేటప్పుడు నాకు చాలా చవకగా వచ్చిందని చెప్పాను. ఆయన నవ్వాడు. మూడు రోజుల తర్వాత ఆయన నవ్వు చూడటం.

టర్పెంటైన్ తెచ్చి, పాత టూత్‌బ్రష్‌తో అమ్మా నేనూ రెండు రోజులు అచ్చు కడిగాం. కంకి మళ్లీ బయటపడింది, గింజ గింజా. ఈసారి అచ్చు వెనక తెల్ల మొండి రకం ఒక చుక్క వేసి, ఒక రోజంతా ఆగి, అది గట్టిపడ్డాకే మౌల్డు పోశాను. బాపు పక్కనే నిలబడ్డాడు. సాయం పడతానని చెయ్యి చాపితే ఆపాను. చేతులు కడుక్కున్నావా అని అడిగాను. పొద్దున కడుక్కున్నానన్నాడు. సబ్బుతో కడుక్కొమ్మన్నాను. మొండి రకానికి గంధకం ఏమీ చేయదని నాకు తెలుసు. అయినా అడిగాను, అడిగే వంతు నాది కాబట్టి. నేను పుట్టాక బాపుకు నేను పని చెప్పడం అదే మొదలు. ఆయన కుళాయి దగ్గరికి పోయి, మోచేతుల దాకా రుద్దుకుని వచ్చి, రెండు చేతులూ చాపి చూపించాడు.

చలికాలం కదా, తెల్లది ఇంకా మెల్లగా గట్టిపడుతుంది. మర్నాడు అదే సమయానికి కప్పులోది వేలికి అంటలేదు. మౌల్డు పైన కూడా అంటలేదు. బాపు అయిపోయిందన్నాడు. గోరుతో నొక్కాను. గుర్తు పోయింది, కానీ మెల్లగా పోయింది. అర్ధచంద్రాకారంలో కాసేపు నిలబడి, అప్పుడు పోయింది. ఇంకా కాలేదన్నాను. పోయింది గదా అన్నాడు. పోయింది గానీ ఆలోచించి పోయింది బాపూ, లోపల ఇంకా మెత్తగుందన్నమాట అన్నాను. ఆయన నన్ను కాస్త ఎగాదిగా చూశాడు. ఇంటికి పోయి మగ్గం ఎక్కాడు. ఆ రోజు మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి, మళ్లీ తెల్లారి ఒకసారి వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ నా మొహం చూసి వెనక్కి పోయాడు. నాకూ చేతులు దురద పెడుతూనే ఉన్నాయి. పోయినసారి తొందరపడ్డదాన్ని కాబట్టి ఈసారి చేతులు ఒళ్లో పెట్టుకుని, బియ్యంలో రాళ్లేరుతూ కూర్చున్నాను. రాళ్లు లేని బియ్యంలో.

రెండో రోజు మధ్యాహ్నం గోరు గుర్తు పెట్టిందే లేదన్నట్టు పోయింది. ముందు ఒక మూల మాత్రం గోరంత విడదీసి, కట్టెకు తగిలిన వైపు వేలితో తడిమాను. పొడిగా, నున్నగా ఉంది. అప్పుడు మొత్తం వంచాను. చిన్న చప్పుడుతో విడివడింది. మౌల్డు లోపల జొన్న కంకి తిరగబడి, గింజ గింజకూ నడుమ వెంట్రుకంత గీటుతో సహా ఉంది. అచ్చు మీద మచ్చ లేదు. బాపు తువ్వాలు కొస తడిపి మౌల్డు లోపలంతా రుద్దాడు. కొసను వెలుతురుకు పెట్టి చూశాడు. ఏమీ అంటలేదు. ఆ కొసను అమ్మకు కూడా చూపించాడు.

నాలుగు రోజుల తర్వాత రెజిన్ అచ్చు తయారైంది. ఇసుక కాగితంతో ముఖం మెల్లగా గరుకు చేశాను, రంగు నిలవడానికి. వడ్రంగి దగ్గర పిడి పెట్టించాను. బాపు మొదట ఒక పాత దుప్పటి ముక్క మీద అద్దాడు. మూడు కంకులు మసకగా వచ్చాయి, నాలుగోది కుదిరింది, పదోదానికి ఆయన చెయ్యి దాని బరువుకు అలవాటుపడింది. పది కంకుల్లోనూ మూడో వరుస నుంచి నాలుగో వరుసకు ఒక తెల్లటి సన్న గీత. మౌల్డు పగులును కూడా తీసుకుంది. అది పూడ్చి ఇంకోటి పోస్తానన్నాను. బాపు తల అడ్డంగా ఊపాడు.

"పగులు సుత వచ్చిందంటే మా నాయిన చెయ్యి మొత్తం వచ్చినట్టే," అన్నాడు. "ఉండనియ్యి."

ఆ రోజు నేను మా ఆయనకు, పిల్లలకు, పక్కింటివాళ్లకు, చివరికి ఆ హైదరాబాద్ మనిషికి కూడా ఫోన్ చేసి ఈ మాట చెప్పాను. ఆయనకు ముందు క్షమాపణ చెప్పి, తర్వాత చెప్పాను. నా పని మీద నాకు అంత గర్వం ఎప్పుడూ కలగలేదు, దాచుకోవడం కూడా ఎందుకనిపించింది. పాత అచ్చు ఇప్పుడు దేవుడి గూట్లో ఉంటుంది. బాపు అద్దకం మానేస్తానన్న మాట మళ్లీ ఎత్తలేదు. వీధిలో ఎవరైనా కొత్త అచ్చు చూడాలని వస్తే, చెయ్యి కడుక్కుని ముట్టుకోండి అని ముందే చెబుతున్నాడు. దానికి అవసరం లేదని నేను ఇంతవరకు ఆయనకు చెప్పలేదు.

ఎండలు ముదిరే వేళకు ఒక పొద్దున నేను పుట్టింటికి పోయాను. వాకిట్లో ఎర్ర చిలపలు ఆరుతున్నాయి. బాపు వాటిలో ఒకటి చేతిలో పట్టుకుని గడప మీద కూర్చున్నాడు. కన్ను ఈమధ్య మరీ ఆనడం లేదు. నన్ను చూసి, భుజం మీది తెల్లగుడ్డ తీసి, దులిపి, నా చేతిలో పెట్టాడు.

"పట్టిందా సూడు బిడ్డా," అన్నాడు.

అమ్మ కాగు దగ్గర కలుపుతున్న కర్ర ఆపింది. నేను గుడ్డ తడిపాను. పైన రుద్దాను, మరక లేదు. చిలపను ఒళ్లో పెట్టుకుని ముడి విప్పాను. లోపలి నూలును గుడ్డతో పట్టి గుంజాను. వెలుతురుకు పెట్టాను. గుడ్డ మీద లేత ఎరుపు, గోరంత.

"ఇంకా పట్టలే బాపూ," అన్నాను. "రంగుల ఇంకో పొద్దు ఉంచాలె."

ఆయన గుడ్డను చూడలేదు. చిలపలన్నీ దండెం మీంచి తీసుకుని, మళ్లీ కాగు దగ్గరికి నడిచాడు.